మా ఊరు సముద్రంలో పడిన ఆదివారం

నా పెళ్లి ప్రకటన మూడు ఆదివారాలు చదివారు. మొదటి ఆదివారం మా ఊరు విశాఖపట్నం అవతల బంగాళాఖాతంలో తేలింది. రెండో ఆదివారం పటంలో కొత్తకోట మీదుగా పోయే నిలువు గీత మీదికి జరిగింది. మూడో ఆదివారం సూర్యాపేట దాకా వెనక్కి వచ్చి అక్కడ ఆగిపోయింది. నిజానికి మా ఊరు ఎటూ పోలేదు. అప్పుడూ ఇప్పుడూ రామన్నపేటకు కొద్ది మైళ్ల దూరంలో, తుమ్మచెట్ల మధ్య, దేవుడు పెట్టిన చోటనే ఉంది.

మా క్రైస్తవ సంఘంలో పెళ్లి కుదిరితే ఆ మాట వరుసగా మూడు ఆదివారాలు ఆరాధన చివర పైకి చదవాలి. అడ్డం చెప్పేవాళ్లు ఉంటే అప్పుడే లేచి చెప్పాలి. చిన్నప్పటి నుంచి అటువంటి ప్రకటనలు ఎన్నో విన్నాను. చదివిన తర్వాత వచ్చే ఆ కాస్త నిశ్శబ్దంలో ఏ చంటిపిల్లో ఏడవడం, ఏ ముసలాయనో దగ్గడం తప్ప ఎవరూ లేవగా చూడలేదు. నా ప్రకటనకు మాత్రం లేచారు. లేచింది పరాయివాడు కాదు, మా పెద్దబాపు.

పెద్దబాపు మా నాయినకు వరుసకు అన్న. ఇద్దరూ సంఘ పెద్దలే. పెద్దమ్మ తమ్ముడి కొడుకు ఒకడు కొత్తకోటలో లారీల ఆఫీసులో పనిచేసేవాడు. అతనికి నన్ను ఇమ్మని పెద్దబాపు రెండేళ్లుగా అడుగుతున్నాడు. నాయిన ప్రతిసారీ "చూద్దాం" అనేవాడు. మా నాయిన చూద్దాం అంటే వద్దని అర్థమని ఊరంతటికీ తెలుసు, ఒక్క పెద్దబాపుకు తప్ప.

నాకు కుదిరిన ఆయనది పాలమూరు జిల్లా. చిన్నతనంలోనే తల్లీతండ్రీ పోతే మిషన్ హాస్టల్లో పెరిగాడు. ఒక కరువు ఏడాది కూలికి బొంబాయి పోయే గుంపుతో పోయి, రేవులో మూటలు మోసి, ఆఖరికి సరుకుల ఓడలో కళాసీగా చేరాడు. కొన్నేళ్లు సముద్రం మీద తిరిగి, విసుగు పుట్టి, రామన్నపేటలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే దుకాణం పెట్టాడు. మా ఊరి బావి మీది ఇంజను బాగుచేయడానికి వచ్చి ఆదివారం ఆరాధనకు ఆగిపోయాడు. కీర్తన ఎత్తుకుంటే గాలివానలో ఓడ ఆ చివర నుంచి ఈ చివరకు వినపడేటట్టు పాడాడు. మా నాయినకు గట్టిగా పాడేవాళ్లంటే నమ్మకం. అలా కుదిరింది.

ఆ నవంబరు ఆదివారం ప్రకటన చదవగానే పెద్దబాపు కండువా సర్దుకుని లేచాడు.

"పిలగాడు మంచోడే కావచ్చు. నేను కాదంటలేను. ఓడ మీద ఉన్ననంటడు. ఎవలు చూసిన్రు? ఏ రేవుల ఎవ్వతి ఉన్నదో, ఎందరు పిల్లలున్నరో మనకేం ఎరుక? గీయన సంగతి జెప్పెతందుకు ఒక్క మనిషన్న ఉన్నడా?"

ఆడవాళ్ల వైపు నుంచి, నాయినను కన్న మా అవ్వ గొంతు లేచింది. "నీ పెండ్లప్పుడు నీ సంగతి ఎవలన్న అడిగిన్రారా? అడిగితే మేమంత ఏం జెప్పేటోళ్లమో ఎరుకేనా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఊరి బడిలో చిన్న తరగతులకు పాఠం చెప్పే పంతులమ్మను, వయసు ఇరవై దాటింది, నా పెళ్లి ఆ కండువా కొనకు వేలాడుతోంది. చాప మీది ఈతాకు పోగులు చూస్తూ కూర్చున్నాను.

మా నాయిన గట్టు తగాదాలూ బావి తగాదాలూ తీర్పు చెప్పి చెప్పి పండిన మనిషి. బైబిలు వాక్యం చెప్పినట్టు ఇద్దరో ముగ్గురో సాక్షులు ఉంటే తప్ప ఏ మాటా నిలవనిచ్చేవాడు కాదు. అయితే దానికి ఆయన సొంత తోక ఒకటి ఉండేది. "ముగ్గురు సాక్షులు ఒక్క తీరు, ఒక్క అక్షరం పోకుంట చెప్పిన్రంటె, ముగ్గురు ఒక్క దగ్గర కూసోని నేర్సుకున్నరన్నట్టు" అనేవాడు. ఇప్పుడు సొంత బిడ్డ వ్యవహారం అయ్యేసరికి ఏం చేయాలో తోచక గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు.

అప్పుడు పెళ్లికొడుకే లేచాడు.

"మామా, నాకు సాక్ష్యం చెప్పెతందుకు మనుషుల్లేరు. నాతోని పనిచేసినోళ్లు ఒకడు సిలోన్ల ఉంటె ఒకడు అరబ్బు దేశంల ఉన్నడు. అయితే ఓడ మీద రోజు మిట్టమధ్యాహ్నం ఆఫీసర్లు సూర్యుణ్ణి చూసి ఓడ యాడున్నదో తేలుస్తరు. నేను ఓడ తిప్పే చక్రం కాడ నిలబడి చూసి నేర్సుకున్న. సూర్యుడే నాకు సాక్షి. మీ ఊరు భూమ్మీద తూర్పు పడమర యాడున్నదో లెక్కగట్టి చెప్త."

"మా ఊరు యాడున్నదో మాకెరుకే. నువ్వు రాంగ ఎట్ల వచ్చినవ్?" అన్నాడు పెద్దబాపు.

నాయిన మాత్రం ఆలోచనలో పడ్డాడు. సూర్యుడు అబద్ధం ఆడడు. బైబిల్లో ఒక సేనాపతి ప్రార్థన చేస్తే యుద్ధం అయ్యేదాకా నిలబడినవాడు. జబ్బుపడిన రాజు కోసం నీడను మెట్ల మీద వెనక్కి నడిపించినవాడు. "సాక్షి గట్టోడే. అయితే ఒక్కడే గదా" అన్నాడు.

"మూడు ఆదివారాలు చూస్త మామా. ఏ దినం సూర్యుడు ఆ దినం సాక్షి."

సంఘం ఒప్పుకుంది. మూడు ప్రకటనలు, మూడు మధ్యాహ్నాలు, ముగ్గురు సాక్షులు. మా సంఘానికి ఆ లెక్క ఎంత నచ్చిందంటే, సూర్యుణ్ణి చూసి దూరం కొలవడానికీ సాక్ష్యం వినడానికీ తేడా ఉంటుందని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

ఈ విద్య ఏమిటో బడి పిల్లలకు చెప్పినట్టు చెప్తాను. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు నడుస్తాడు. మన దేశం గడియారాన్ని కాకినాడ అవతల, తుని దగ్గరగా పోయే ఒక నిలువు గీతకు సరిపెట్టారు. ఆ గీత మీద సూర్యుడు నడినెత్తికి వస్తే పన్నెండు. దానికి పడమట ఉన్న ఊళ్లకు కొంచెం ఆలస్యంగా వస్తాడు. నాలుగు నిమిషాల ఆలస్యమంటే ఒక గీత, అంటే అరవై మైళ్ల పైచిలుకు. రేడియోలో టింగు టింగుమనే టైముకు గడియారం సరిచేసుకుని, మన దగ్గర నీడ ఎప్పుడు అన్నిటికంటే పొట్టిదవుతుందో చూస్తే, మనం ఎంత పడమట ఉన్నామో తెలిసిపోతుంది. వినడానికి ఇంత సులువు.

మందిరం ముందు పందిరి గుంజ ఒకటి పాతారు. దారానికి రాయి కట్టి వేలాడదీసి గుంజ నిటారుగా ఉందని పెళ్లికొడుకు చూసుకున్నాడు. చేతి గడియారం పొద్దున రామన్నపేట హోటల్లో రేడియో వార్తలకు సరిచేసుకొచ్చిందే. సంఘమంతా గుంజ చుట్టూ గొంతుక్కూర్చున్నారు.

"తగ్గుతాంది, తగ్గుతాంది" అన్నారు పిల్లలు. నిజమే, నీడ తగ్గుతోంది. తగ్గి తగ్గి ఒకచోట నిలబడింది. నిలబడి, ఇక కదలదు. అదే చిక్కు. సూర్యుడు నడినెత్తికి వచ్చాక కొంతసేపు ఎక్కడం మానేస్తాడు, దిగడం మొదలుపెట్టడు. ఎడ్ల బండి దిబ్బ ఎక్కి ఊపిరి పీల్చుకున్నట్టు. ఆ నిలబడిన సేపట్లో ఏ క్షణం అసలు మధ్యాహ్నమో కంటికి తెలియదు. ఆయన గీతలు గీసి, చెరిపి, చివరకు "ఇగో, ఇప్పుడు" అన్నాడు. గడియారంలో ఇంకా పన్నెండు కాలేదు.

లెక్క కట్టి, అందరం పక్కనే ఉన్న బడిలోకి నడిచాం. నా తరగతి గోడకు రాష్ట్రం పటం ఉంది. అడ్డగీత వెంబడి ఆయన వేలు తుని దాటింది, నేల దాటింది, నీలం రంగు మధ్య ఆగింది.

"మునిగినం" అన్నాడు మా నాయిన నెమ్మదిగా.

పెద్దబాపు మొహం వెలిగిపోయింది. "అల్లుడు ఊరంతటికి ఒక్కసారే ముంపు బాప్తిస్మం ఇచ్చిండు! పాస్టరుగారికి ఎంత పని తప్పింది!"

అవ్వ పటం దగ్గరికి వచ్చి నీలం రంగును గోటితో గీకి చూసింది. "మనూరు సముద్రంల ఉంటే, నేను గీ వయసుల బిందె వట్టుకోని నీళ్లకు అంత దూరం ఎందుకు పోతాన కొడుకా?"

ఆయన నుదురు కొట్టుకున్నాడు. "మరిచిన మామా! సూర్యుడు గడియారం లెక్క నడువడు. కొన్ని నెలలు ఎనక వస్తడు, కొన్ని నెలలు ముందు వస్తడు. నవంబర్ల పావుగంట ముందే వస్తడు. ఓడల దానికొక పుస్తకం ఉంటది, గది చూసి కలుపుతరు. నేను కలుపలే."

"తప్పు అల్లునిది కాదట, సూర్యునిదట" అన్నాడు పెద్దబాపు.

"సాక్ష్యం చెప్పినంక మాట మార్సుడు చెల్లది పిలగా" అన్నాడు నాయిన. "సముద్రమంటే సముద్రమే. మొదటి సాక్షి అయిపోయిండు."

ఆ వారం నాకు ప్రార్థన చేయడం కష్టమైంది. విశ్వాసం తగ్గి కాదు, ఏం అడగాలో తెలియక. పటం ముందు నిలబడినప్పుడు మా ఊరు డెబ్బైతొమ్మిదో గీతకు ఆనుకుని ఉండడం అందరూ చూశారు. ఆయనా చూశాడు. వచ్చే ఆదివారం డెబ్బైతొమ్మిది అంటే చాలు, పెళ్లి నిలుస్తుంది. ప్రభువా ఆయన నోట డెబ్బైతొమ్మిది పలికించు అని మోకాళ్లూనేదాన్ని. అది పటం చూసి చెప్పినదైతే? నేను దేవుణ్ణి కాపీకి సాయం అడుగుతున్నట్టు కాదా? బడిలో పక్కవాడి పలక చూసి రాసే పిల్లలను చెవి పట్టుకుని నిలబెట్టేది నేనే. లేచి, మళ్లీ మోకాళ్లూని, నిజమే చెప్పించు అనేదాన్ని. నిజం చెబితే ఏ సముద్రంలో పడతామో అని భయం.

రెండో ఆదివారం పొద్దున ఆయన రేడియో కోసం బడికి వచ్చాడు. పంచాయతీ రేడియో నా తరగతి గదిలోనే, పటం కిందే ఉండేది. తాళం చెవులు నా దగ్గర ఉంటాయి. పెళ్లికాని పిల్లను ఒంటరిగా పంపరు కాబట్టి అవ్వ వచ్చి గడపలో కూర్చుని ఆకు నములుతోంది.

"పంతులమ్మా, జర గా పటం గోడదిక్కు మలుపుండ్రి" అన్నాడు ఆయన. మా మధ్య అదే మొదటి మాట.

"ఎందుకు?"

"జవాబు కండ్ల ముంగట వెట్టుకోని పరీక్ష రాస్తరా?"

"ఒకసారి చూసిన్రు గదా."

"చూసిన. ఇంకోసారి చూస్తే నా చెయ్యి అటే గుంజుతది. పటం చూసి చెప్తే పటం ఓడ ఎక్కినట్టయితది, నేను ఎక్కినట్టు కాదు."

పటం తిప్పేశాను. రేడియో టింగు టింగుమంది. ఆయన గడియారం సరిచేసుకుని పోయాడు. నాకు మాత్రం ఆ పొద్దు కీర్తనలో ఒక్క చరణం సరిగా రాలేదు.

ఆ రోజు ముగింపు ప్రార్థన పెద్దబాపు వంతు. మామూలుగా ఆయన ప్రార్థన పొట్టిది. ఇంటి దగ్గర అన్నం ఎదురుచూస్తుంటుంది కదా. ఆ ఆదివారం మాత్రం సంఘంలో జబ్బువాళ్ల కోసం, పశువుల కోసం, పొరుగూళ్ల కోసం, ఢిల్లీ సర్కారు కోసం, తరువాత ఒక్కో ఖండం కోసం ప్రార్థించాడు. ఆఫ్రికాకు వచ్చేసరికి నాకు అర్థమైంది, ఆయన సూర్యుణ్ణి నడినెత్తి దాటిస్తున్నాడని. ఆమేన్ అనగానే పెళ్లికొడుకు బయటికి ఉరికాడు.

"ప్రార్థనల కండ్లు తెరిచి తలుపు దిక్కు చూస్తాండు, నేను చూసిన" అని పెద్దమ్మ ఫిర్యాదు చేసింది.

"నువ్వు దేనితోటి చూసినవే?" అంది అవ్వ.

గుంజ నీడ నిలబడే ఉంది. అప్పుడే నిలబడిందో, నిలబడి చాలాసేపయిందో ఎవరు చెప్పగలరు? ఆయన కళ్లు చిట్లించి చాలాసేపు చూసి ఒక గీత గీశాడు. ఈసారి ఆ పావుగంట కలిపి లెక్క కట్టాడు. బడిలో పటం మళ్లీ ముందుకు తిప్పాం. వేలు మా ఊరు దాటింది, హైదరాబాదు దాటింది, కొత్తకోట నెత్తిన పోయే గీత మీద ఆగింది.

పెద్దబాపు రెండు చేతులూ పైకెత్తాడు. "చూసిన్రా! సూర్యుడు కూడ మా పిలగాని ఊరి పేరే చెప్తాండు!"

అందరూ నవ్వుతున్నారు. పెళ్లికొడుకు మొహం ఎర్రబడింది. "వచ్చింది గదే. గదే చెప్పిన" అన్నాడు. ఆ మాట వినగానే నాకు భయం పోయింది. ఏడుపు మాత్రం వచ్చింది.

మూడో ఆదివారం ఆయన ఉపాయం మార్చాడు. నడినెత్తిన నీడ నసుగుతుంది గాని, పొద్దునా పొద్దువాలినాకా అది చకచకా నడుస్తుంది. అందుకని ఆరాధనకు ముందే గుంజ చుట్టూ తాడుతో గుండ్రంగా గీత గీసి, నీడ కొన దాన్ని లోపలికి దాటిన క్షణం రాసుకున్నాడు. మధ్యాహ్నం తరువాత మళ్లీ బయటికి దాటే క్షణం చూస్తే, రెండింటికీ సరిగ్గా నడుమ ఉన్నదే అసలు మధ్యాహ్నం. మంచి పద్ధతి. పెద్దబాపు ప్రార్థన ఎంత పొడుగైనా దాన్ని ఏమీ చేయలేదు.

మేక చేసింది. ఆరాధన తరువాత అందరం జొన్నరొట్టెలు విప్పుకుని తింటుంటే, ఎవరిదో మేక వచ్చి గుంజకు వీపు ఆనించి హాయిగా ఒరుసుకుంది. అవ్వ చెప్పు విసిరేలోపు గుంజ పక్కకు ఒరిగింది. ఆయన రాయీ దారమూ పెట్టి మళ్లీ నిటారు చేశాడు గాని, ముందున్నట్టే ఉందో లేదో దేవునికే తెలియాలి.

లెక్క తేలింది. సూర్యాపేట. అసలు ఊరికి ముప్పై మైళ్ల పైన.

"మేకదో నాదో తప్పు తెలుస్తలేదు మామా. దీనికంటె దగ్గరికి నాకు రాదు" అన్నాడు.

పెద్దబాపు సంఘం నడుమ నిలబడి వేళ్లు మడిచాడు. "సముద్రం. కొత్తకోట. సూర్యాపేట. ముగ్గురు సాక్షులు, ముగ్గురివి మూడు మాటలు. గిట్ల లెక్కగడితే ఓడ ఒడ్డుకు చేరేదేనా? గీయన ఓడ ముఖం చూడలే."

"ఓడల మిట్టమధ్యాహ్నం సూర్యుణ్ణి చూసేది ఉత్తరం దక్షిణం కోసం" అన్నాడు ఆయన తల వంచుకుని. "గది ఖచ్చితంగ చెప్తడు. తూర్పు పడమరకు పొద్దటి సూర్యుణ్ణి చూస్తరు. నడినెత్తిన అడిగితే నసుగుతడు."

"మరి ఎందుకు చెప్తనన్నవు పిలగా?" అన్నాడు నాయిన.

"నువ్వు గడ్డం గోక్కుంట నిలవడితివి మామా. పెండ్లి పోయేటట్టున్నది. ఆ యాల్ల నాకు ఇంకోటి తోచలే."

ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాయిన మళ్లీ గడ్డం మీదికి చెయ్యి పోనిచ్చి, గుర్తొచ్చి దించేశాడు. ఆయన మొహంలో "చూద్దాం" అన్న మాట తయారవుతోంది. నాకు తెలుసు ఆ మాట. అది బయటికి వస్తే అయిపోయినట్టే. లేచి నిలబడ్డాను.

"నాయినా, నేను సాక్ష్యం చెప్త."

సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఆడవాళ్లకు ఎప్పుడూ అడ్డం లేదు. జబ్బు తగ్గిందనో, శోధన తప్పిందనో చెప్తాం. నేను పటం సంగతి చెప్పాను. "పోయిన ఆదివారం పొద్దున ఈయన పటాన్ని గోడదిక్కు మలుపమన్నడు. చూసి చెప్తే పరీక్ష కాదన్నడు. డెబ్బైతొమ్మిది అనుడు మనల ఎవలికన్న చేతనైతది. మొదటి వారం పటం చూసినంక ఒక దొంగోడు ఏం చెప్పేటోడు? మనూరని చెప్పేటోడు. ఈయన కొత్తకోట అని ఎందుకు చెప్పిండు, అది ఎవలకు ఇష్టమో ఎరుకుండి గూడ?"

పెద్దబాపు మళ్లీ కండువా సర్దుకున్నాడు.

"ఒక్క సాక్షి" అన్నాడు పెద్దబాపు. "ఒక్కరి మాట నిలువది. అందులో పెండ్లిపిల్ల మాట."

"రెండో సాక్షిని నేనున్న" అంది అవ్వ. "నేను గడపల కూసున్న. పిల్ల మలపలే. పిలగాడే పటం దించి, చాప లెక్క చుట్టి మూలకు వెట్టిండు."

"లేదవ్వా, నేనే తిప్పిన. గోడకే ఉండె."

"నీకేమెరుక, నువ్వు పిలగాన్ని చూస్తుంటివి. పటాన్ని చూసింది నేను. చుట్టిండు!"

"తిప్పిన!"

మేం అలా వాదించుకుంటుంటే మా నాయిన నవ్వు మొదలైంది. మొదట భుజాలు కదిలాయి, తరువాత పొట్ట, తరువాత గొంతు.

"సాలు. ఇద్దరు సాక్షులు. ఇద్దరు ఒక్క దగ్గర కూసోని నేర్సుకున్నోళ్లు కాదు. అడ్డం పోయింది" అని మూడో ప్రకటన తనే లేచి చదివాడు.

అవ్వ చనిపోయేదాకా పటం చుట్టాడనే అంది. నేను తిప్పాననే అంటున్నాను.

పరీక్షలు అయిపోయి బడికి సెలవులిచ్చాక, మే నెలలో పెళ్లి చేశారు. ఆరాధన అయింది, పందిట్లో వడ్డన మొదలైంది, పెళ్లికొడుకు కనపడలేదు. నేనే వెతుక్కుంటూ వెళ్తే మందిరం ముందు మండే ఎండలో, పెళ్లి కోటుతో, పాత గుంజ దగ్గర వంగి ఉన్నాడు. మే నెల రెండో వారంలో మా ప్రాంతానికి సూర్యుడు సరిగ్గా నెత్తి మీదుగా పోతాడు. అప్పుడు నసగడు. నీడ ఒక పక్కన ఉన్నది ఉన్నట్టే కుంచించుకుపోయి, గుంజ మొదట్లో మాయమై, మరో పక్కన పుట్టింది. నేను చూశాను. ఆ క్షణం ఆయన గడియారం చూశాడు. లెక్క కట్టాడు. మా ఊరు. కొత్తకోట కాదు, సూర్యాపేట కాదు, డెబ్బైతొమ్మిదో గీత పక్కన మా ఊరే.

చెమటలు కారుతూ పందిట్లోకి ఉరికి నాయినకు చెప్పాడు.

పెద్దబాపు అన్నంలో పప్పు కలుపుతూ తల కూడా ఎత్తలేదు. "ఆరునెలల సంది ఊరందరి నోట్ల ఉన్న అంకె ఇప్పుడు చెప్తే ఎవలు నమ్ముతరు అల్లుడా?"

ఆయన మా నాయిన వైపు చూశాడు. "మామా, నువ్వన్న నమ్ముతవా?"

"నేను మూడు తప్పులకు పిల్లనిచ్చిన పిలగా" అన్నాడు నాయిన, వచ్చే నవ్వు ఆపుకుంటూ. "గీ ఒప్పును నీ కాడనే వెట్టుకో."

నేను సాక్షినన్నాను. రెండో సాక్షి కోసం చూస్తే, అవ్వ అప్పటికే తిని పందిరి వెనక గురక పెడుతోంది. ఒక్కరి మాట నిలవదు కదా. అందుకని మా సంఘం లెక్కలో మా ఊరు ఇప్పటికీ సూర్యాపేట దగ్గరే ఉంది.